నడుమ బొమ్మలు

పైడిరాజు తన భార్య మొహం మీంచి మొదటిసారి చూపు తిప్పుకున్నది ఒక ఆదివారం పొద్దున్న, పెసరట్ల దగ్గర.

"ఏటండీ, అల్లప్పచ్చడి ఘాటెక్కిందా?" అని నవ్వుతూ అడిగింది సత్యవేణి. ఆయన తలెత్తి ఆమెను చూశాడు. కనుబొమలు ముడిచాడు. మళ్ళీ కంచంలోకి చూస్తూ "బాగానే ఉంది" అన్నాడు. ముప్పైమూడేళ్ళ కాపురంలో ఆయన పోట్లాడాడు, అలిగాడు, రెండుసార్లు అన్నం మానేశాడు. అలిగినా ఆమె మొహం చూస్తూనే అలిగే మనిషి. ఆ పూట మాత్రం తిన్నంతసేపూ తల ఎత్తలేదు. కుడిచెయ్యి పెసరట్టు తుంచుతోంది. ఎడమచేతి చూపుడువేలూ మధ్యవేలూ బల్ల అంచు మీద, కనబడని కాగితాలేవో గబగబా తిరగేస్తున్నట్టు ఆడుతున్నాయి.

ఆ వేళ్ళ ఆట ఎక్కడిదో సత్యవేణికి తెలుసు. అది ఆమెదే. ఇంకో పెసరట్టు వెయ్యాలన్న సంగతి మరిచిపోయి పెనం మాడ్చింది.

సత్యవేణి ఇరవై రెండేళ్ళ పాటు ద్వారకానగర్‌లో ఒక మేడ మీద, లైటు బల్ల ముందు కూర్చుని జపాను వాళ్ళ బొమ్మల సినిమాలకు నడుమ బొమ్మలు గీసింది. అసలు బొమ్మలు అక్కడి పెద్ద చిత్రకారులు గీసి పంపేవారు. తల వంచుకున్న అమ్మాయి ఒక బొమ్మ, తలెత్తిన అమ్మాయి ఇంకో బొమ్మ. ఆ తల ఎలా లేచిందో చెప్పే ఏడెనిమిది బొమ్మలు మాత్రం విశాఖపట్నంలో సత్యవేణి లాంటివాళ్ళు గీసేవారు. గీసిన కాగితాల్ని వేళ్ళ సందున పెట్టుకుని టపటపా తిరగేస్తే కదలిక ఎక్కడ తెగిందో తెలిసిపోతుంది. తెగినచోట ఇంకో బొమ్మ గీయాలి. అదీ ఉద్యోగం. సినిమా చివర పేర్ల పట్టీలో వీళ్ళ పేరు ఉండదు. "పెళ్ళిపందిరి గుంజకి ఎవరైనా ఫోటో తీస్తారా?" అని ఆవిడే నవ్వేసేది.

కంప్యూటర్లు వచ్చి ఆ మేడకు తాళం పడింది గానీ ఆవిడకు ఆ సినిమాల మీది మోజు పోలేదు. ఇరుగుపొరుగుకు అదొక వింత. అనిమే, అంటే ఆ జపాను బొమ్మల సినిమా, అనగానే జనానికి గుర్తొచ్చేది పెద్దపెద్ద కళ్ళ పిల్లలు కత్తులు దూస్తూ అరుచుకోవడమే. ఉప్పుమడుల్లో పనిచేసే ముసలి మొగుడూపెళ్ళాలు గంటన్నర సేపట్లో పట్టుమని పది మాటలు మాట్లాడుకోని సినిమా ఉందంటే ఎవరు నమ్ముతారు? గాలి తప్ప ఇంకేదీ కదలని మంచు ఊరిని పన్నెండు నిమిషాలు చూసి గుండె బరువెక్కిందంటే ఎవరితో చెప్పుకుంటుంది?

చెప్పుకోవలసిన మనిషి పక్కనే ఉన్నాడు. కానీ ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. పైడిరాజు పోర్టు సిగ్నల్ స్టేషన్లో ముప్పై ఏళ్ళు దుర్భిణితో ఓడల్ని చూసి, వాటికి జెండాలు ఎగరేసిన మనిషి. "బొమ్మలు పిల్లలికి. నేనేటి పిల్లోడినా?" అనేవాడు. సత్యవేణి నాలుగుసార్లు బతిమాలి కూర్చోబెట్టింది. నాలుగుసార్లూ నిద్రపోయాడు. నాలుగోసారి గురక కూడా పెట్టాడు. పిల్లలు లేని ఇల్లు, ఎదురుబొదురుగా ఇద్దరే. ఒక్కటంటే ఒక్క సినిమా ఆయనతో కలిసి చూసి, దాని గురించి మాట్లాడుకోవాలన్న కోరిక ఆవిడకు ఎప్పుడూ తీరలేదు.

అందుకే రుషికొండ మీది ప్రయోగశాల నుంచి పిలుపు వస్తే ఎగిరి గంతేసింది.

అక్కడ డాక్టర్ తరంగిణి అనే ముప్పై నాలుగేళ్ళ పిల్ల ఒక యంత్రం కడుతోంది. పేరు ఎంపరి. ఇళ్ళలోని కెమెరా టీవీలకు అనిమేలు పంపే కంపెనీ కోసం ఆ పని. నలభై దాటినవాళ్ళు వస్తారు, కుర్రాళ్ళు ఎగబడి చూసేవాటిని కాసేపు చూస్తారు, ఇది మనకు కాదులే అని లేచిపోతారు. ఆలోచన ఉన్నవీ, కంటికి పండగలాంటివీ వేలకొద్దీ మూలనపడి ఉన్నాయి. ఎవరికి ఏది చూపించాలో తెలియదు.

"ఇష్టాయిష్టాలు అడిగితే జనం నిజం చెప్పరండీ. కళ్ళు చెప్తాయి. ముందు ఒక మంచి ప్రేక్షకురాలి చూపు దొరకాలి, దాన్నించి ఎంపరి నేర్చుకుంటుంది. మీకంటే బాగా చూసేవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరున్నారు?" అంది తరంగిణి.

నాలుగు నెలలు, రోజుకు ఆరు గంటలు, సత్యవేణి ఒక మెత్తటి కుర్చీలో కూర్చుని మూడువందల సినిమాలు చూసింది. తెర కింద చిన్న కెమెరా. ఆమె కనుపాప ఎటు పోతే అటు, వెనక గదిలోని తెర మీద ఒక పసుపు చుక్క పోయేది. "మామూలుగా చూడండి చాలు" అని తరంగిణి మొదటిరోజే చెప్పింది. సత్యవేణి మామూలుగానే చూసింది. ప్రయోగపత్రం మీద ఆమె పేరు పెద్దక్షరాలతో పడింది. ఇరవై రెండేళ్ళలో పడని పేరు.

తర్వాత ప్రేక్షకులు వచ్చారు. పదకొండోవాడు భానోజీ, కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు, నవ్వితే గది నిండే మనిషి. ఎంపరి అతనికి మొదటిరోజు పదేసి నిమిషాల ముక్కలు చూపించింది. అతని చూపు ఆకుపచ్చ చుక్క. అది మొహాల మీద, కింది అక్షరాల మీద, గోడగడియారం మీద తిరిగేది. అది ఎక్కడ ఆగిందో చూసుకుని యంత్రం తర్వాతి ముక్క ఎంచేది. ఇలా రోజుకో కూర్చోడం. తొమ్మిదోరోజుకు ఆకుపచ్చ చుక్క వెళ్ళి సత్యవేణి పసుపు చుక్క మీద కూర్చుంది. రెండూ జంటగా తెరంతా తిరిగాయి. భానోజీ కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చి, "ఇన్నాళ్ళూ నేను గుడ్డివాణ్ణండీ" అన్నాడు.

తరంగిణి చప్పట్లు కొట్టింది. "చూశారా? మనిషికి తగ్గ సినిమా వెతకడం కష్టం. సినిమాకి తగ్గ చూపుని మనిషిలో తయారుచెయ్యడం తేలిక. ఎంపరి తనంతట తనే ఈ దారి కనిపెట్టింది."

సత్యవేణి వీపు మీద ఎందుకో చల్లగా పాకింది. ఏసీ కింద కూర్చున్నాను కదా అని కొంగు కప్పుకుంది. ఆవిడ మనసులో అప్పటికి ఒకే ఆలోచన ఉంది.

"తరంగిణమ్మా, మా ఆయన్నోసారి తీసుకురానా?"

పైడిరాజు సణుగుతూనే వచ్చాడు. మూడోరోజున ఎంపరి ఆయనకు ఒక దీవి చూపించింది. ఆ దీవికి ఓడలు రావడం మానేసి చాలా ఏళ్ళయింది. అయినా ఒక ముసలాయన రోజూ మెట్లెక్కి జెండా ఎగరేస్తాడు. సముద్రం అద్దం మీద రంగులు పోసినట్టు రంగులు మారుతూ ఉంటుంది. అంతే కథ. పైడిరాజు నిద్రపోలేదు. బయటికొచ్చాక బస్సులో, బీచి రోడ్డు పొడుగునా, ఆపకుండా మాట్లాడాడు.

"ఆ జెండా తాడు లాగినప్పుడు ఆ ముసలోడి భుజం చూసేవా సత్తెం? అలగే. అచ్చం అలగే లాగుతాం. ఇన్నేళ్ళూ నువ్వు చెప్తే నేనింటే కదా!"

సత్యవేణి కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. ఆ తొమ్మిది రోజులూ ఆవిడ పెళ్ళినాటికంటే సంతోషంగా ఉంది. రోజూ ఇంటికొచ్చి ఇద్దరూ టీ పెట్టుకుని చూసిన సినిమాను మళ్ళీ మొదటినుంచీ చెప్పుకునేవారు. పదోరోజు ఆదివారం, పెసరట్ల రోజు.

మంగళవారం ఆవిడ రుషికొండ వెళ్తే మెట్ల మీద భానోజీ కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. వేళ్ళు మోకాలి మీద కాగితాలు తిరగేస్తున్నాయి.

"ఇంకొక్కటి చూపించమని చెప్పండమ్మా వాళ్ళకి" అన్నాడు నేలకేసి చూస్తూ.

"ఏమైంది బాబూ?"

"మా పాప మాట్లాడుతుంటే నోరొక్కటే కదుల్తోందమ్మా. చెంపలు కదలవు. మెడ కదలదు. పరిగెత్తుకొస్తే ఇక్కడుంటుంది, తర్వాత అక్కడుంటుంది, మధ్యలో ఉండదు. ఎనిమిదేళ్ళ పిల్ల. దగ్గరికొస్తే నేను... నేను తప్పుకున్నాను." అతను మొహం చేతుల్లో దాచుకున్నాడు. "ఆ బొమ్మల్లోనే మనుషులు పూర్తిగా ఉన్నారు. ఇంట్లో ఎవరూ లేరు."

ఆ రోజు ఇంటికి వచ్చి సత్యవేణి భర్త ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. దాచకుండా చెప్పమంది. పైడిరాజు గోడ మీది కాలెండరుకేసి చూస్తూ చెప్పాడు.

"ఎలగ చెప్పాలో తెల్దే. నువ్వు నవ్వుతావు. నోరు ముందు నవ్వుతాది. కళ్ళు తర్వాతెప్పుడో వస్తాయి. ఆ రెండిటి మధ్యన ఏటీ లేదు. ఖాళీ. ఆ ఖాళీలో నువ్వు కాదు, ఎవురో ఉన్నట్టుంటాది. బీచికెళ్ళి చూసేను, అందరూ అలగే ఉన్నారు. బఠాణీల కుర్రోడు కూడానూ. వాళ్ళైతే ఫరవాలేదు, నీకేసి చూడ్డానికే భయమేస్తంది."

కళ్ళ డాక్టరు చూపు బ్రహ్మాండంగా ఉందన్నాడు. ఆ వయసులో అలాంటి చూపు ఉండడం అదృష్టమని కూడా అన్నాడు.

ఆవిడ ఊరికే కూర్చునే రకం కాదు. అద్దం ముందు నిలబడి, గీతలు గీసిన అలవాటుతో నవ్వును ముక్కలుగా విడదీసుకుంది. పెదవి మూల, చెంప, కంటి కింద మడత, కనురెప్ప. ఒకదానివెనక ఒకటి, సందు లేకుండా. మూడురోజులు సాధన చేసి నాలుగోరోజు కాఫీ ఇస్తూ ఆయన ముందు నవ్వింది. గ్లాసు ఆయన చేతిలోంచి జారిపోయింది.

"ఒద్దే, నీకు దండం పెడతాను" అన్నాడు. "ఇప్పుడు ఎవురో గీసినట్టున్నావు."

అప్పటినుంచి ఆయన భోజనాల దగ్గర కళ్ళకు తువ్వాలు కట్టుకోవడం మొదలుపెట్టాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని జనం ఊరికే అనలేదు.

ఎంపరి ఇళ్ళలోకి వెళ్ళేది శుక్రవారం. గురువారం పొద్దున్నే సత్యవేణి తరంగిణి గదిలోకి తోసుకుని వెళ్ళి, తన పాత చూపు చూపించమంది. మూడువందల సినిమాల్లో ఏదైనా ఒకటి.

తరంగిణి ఒకటి పెట్టింది. తండ్రి చనిపోతున్నాడు. కూతురు పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన కళ్ళు నీళ్ళతో ఆమె కోసం వెతుకుతున్నాయి. ఆ ఘట్టం చూసి ఏడవని మనిషి ఉండడు, ఏ మనిషైనా చూసేది ఆ కళ్ళనే. పసుపు చుక్క ఆ కళ్ళ మీదికి ఒక్కసారీ పోలేదు. అది కూతురి మణికట్టు మీద ఉంది. గాజు జారేచోట. అక్కణ్ణించి జుట్టు కొసకు పోయింది. అక్కణ్ణించి దుప్పటి మడతకు. గాజు మళ్ళీ కదిలేసరికి గబుక్కున వెనక్కి వచ్చింది.

సత్యవేణి కుర్చీ చెయ్యి పట్టుకుంది.

"నేను సినిమా చూళ్ళేదమ్మా" అంది. "తప్పులు వెతికేను. గాజు జారడంలో బొమ్మ తగ్గిందేమోనని చూసేను. మామూలుగా చూడమన్నావు. నాకు మామూలంటే ఇదే. ఇరవై రెండేళ్ళు ఇదే పని. ఇంకోలాగ చూడ్డం ఉందని మరిచిపోయేను."

"అంటే అందరికీ..."

"అందరికీ నా కళ్ళు ఇచ్చేవు. తప్పు లేని సినిమాలు ఏరేరి చూపించి, ఆ కళ్ళు అలవాటు చేసేవు. ఇప్పుడు వాళ్ళు ఇంటికెళ్ళి పెళ్ళాం మొహంలో, పిల్లల మొహాల్లో వెతుకుతున్నారు. మనుషుల్లో బోలెడు బొమ్మలు తగ్గుతాయమ్మా. దేవుడు తొందరపడి గీస్తాడు."

సత్యవేణి తరంగిణి చెయ్యి పట్టుకుని బతిమాలింది. "నన్ను ఇంకోసారి కూర్చోబెట్టు. ఈసారి మామూలు మనిషిలా చూస్తాను. ఆ చూపు పెట్టు యంత్రానికి."

అదే సినిమా, అదే కుర్చీ. తండ్రి కళ్ళు చూడాలి, కళ్ళే చూడాలి అని ఆవిడ పళ్ళు బిగించుకుంది. ఆయన కళ్ళలో నీళ్ళు నిండాయి. నీటిబొట్టు కిందికి జారింది. జారడంలో చెంప ఎముక దగ్గర ఒక బొమ్మ తగ్గింది. అయ్యో అనుకునేలోపు చూపు గాజు దగ్గరుంది. నాలుగుసార్లు కూర్చుంది. నాలుగుసార్లూ కొత్త పసుపు చుక్క వెళ్ళి పాత పసుపు చుక్క మీద కూర్చుని, రెండూ ఒకటే చుక్క అయిపోయాయి. చేతులు కాలాక ఆకులు కూడా దొరకలేదు ఆవిడకు.

"రేపు ఆపెయ్యమ్మా" అంది లేచి. "ఈ ఒక్కటీ ఆపెయ్యి."

"ఆపడానికేం లేదండీ. పదిరోజుల కిందటే పెద్దవాళ్ళు పరీక్షకని రెండు లక్షల ఇళ్ళకి వదిలేశారు. ఒక్క ఇంట్లో కూడా మధ్యలో ఆపలేదట. ఇలాంటిది ఎప్పుడూ చూళ్ళేదని ఉత్తరాలు రాస్తున్నారు." తరంగిణి గొంతు మామూలుగానే ఉంది. కానీ ఆమె ఈ మాటలన్నీ కిటికీతో చెప్తోంది. "నేను మాత్రం తెలియకుండా ఎలా వదుల్తాను? నావీ మొన్నటితో తొమ్మిది కూర్చోడాలూ అయ్యాయి. చాలా గొప్పగా ఉందండీ. చాలా అందంగా ఉంది."

"ఇటు చూడమ్మా."

తరంగిణి తల తిప్పింది. సత్యవేణి మొహం మీద ఒక్క క్షణం చూపు నిలిపి, వెంటనే కిటికీకి తిప్పేసుకుంది. కిటికీ చట్రం మీద ఆమె రెండు వేళ్ళూ కాగితాలు తిరగేస్తున్నాయి.

సత్యవేణి ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. పైడిరాజు బాల్కనీలో తువ్వాలు కట్టుకుని కూర్చున్నాడు. ఆమె అడుగుల చప్పుడుకే మొహం విప్పారింది. పక్కన కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పింది. గాజు సంగతీ, పసుపు చుక్క సంగతీ, నాలుగుసార్లు ఓడిపోయిన సంగతీ. ఆయన ఆమె చెయ్యి తడుముకుని పట్టుకుని విన్నాడు.

"కళ్ళు మూసుకుంటే నువ్వు నువ్వేనే" అన్నాడు. "గొంతూ నువ్వే, చెయ్యీ నువ్వే."

మళ్ళీ ఆయనే అన్నాడు. "ఒక మాటడగనా?"

"అడగండి."

"పెళ్ళైన కొత్తల్లో నేను నవ్వితే నువ్వు తల కొంచెం పక్కకి ఒంచి చూసేదానివి. ఇప్పటికీ చూస్తావనుకో. నాకు సిగ్గేసేది. నా పెళ్ళాం నన్ను చూసి మురిసిపోతందని అనుకునీవోణ్ణి. స్టేషన్లో మా వాళ్ళకి చెప్పుకున్నాను కూడా. అప్పటికే నువ్వా ఉద్యోగంలో ఉన్నావు కదా సత్తెం?"

ఆవిడ అబద్ధం ఆడదామనుకుంది. చేతిలో చెయ్యి ఉండగా నోరు రాలేదు.

"ఉన్నాను" అంది.

"ఏటి తగ్గింది నా మొహంలో?"

"రెండు బొమ్మలు. ఎడమవైపు పెదవి లేస్తుంది. చెంప రావాలి, రాదు. ఒకేసారి కళ్ళు నవ్వేస్తాయి."

పైడిరాజు తువ్వాలు విప్పాడు. ఎర్రబడ్డ కళ్ళతో ఆమెను చూశాడు. ఈసారి చూపు తిప్పుకోలేదు.

"నేను పదిరోజులు ఓర్చుకోలేకపోయేను. ముప్పైమూడేళ్ళు ఎలగ బతికేవే నాతోటి?"

"ఆ రెండూ నేను గీసుకునీదాన్నండీ" అంది సత్యవేణి. "మీరు నవ్విన ప్రతిసారీ. తగ్గిన చోట గీయడమే కదా నా పని. గీసుకుంటే మీ నవ్వంత బాగా ఇంకెవరి నవ్వూ ఉండేది కాదు."

ఎదురు అపార్ట్‌మెంటు కిటికీల్లో తెరలు ఒకటొకటిగా వెలుగుతున్నాయి. ఏ ఇంట్లోంచీ మాట వినబడడం లేదు. వెతకడం యంత్రానికి నేర్పింది గానీ గీయడం నేర్పలేదని ఆవిడకు అప్పుడు తట్టింది. కెమెరాకు వెతికే కన్ను కనబడింది, గీసే చెయ్యి కనబడలేదు. రెండు లక్షల ఇళ్ళలో కన్ను ఉంది, చెయ్యి లేదు.

పైడిరాజు ఆమె మొహంలో ఆ ఖాళీ వైపు చూస్తూనే ఉన్నాడు. చూసి చూసి అన్నాడు.

"నాకు గీయడం రాదే, సత్తెం."

తువ్వాలు ఎత్తి మళ్ళీ కళ్ళకు కట్టుకోబోయాడు. ముడి పడలేదు. సత్యవేణి లేచి ఆయన వెనక్కి వెళ్ళి, జుట్టు చిక్కుకోకుండా చూసుకుంటూ ముడి వేసింది. చీకట్లోకి వెళ్ళగానే ఆయన ఊపిరి నెమ్మదించింది, "హమ్మయ్య, వచ్చేవా" అని నవ్వాడు. ఎడమవైపు పెదవి లేచింది. ఆవిడ తల కొంచెం పక్కకు వంచి, మిగతాది గీసుకుంది. తువ్వాలు కింద కళ్ళు కూడా ఇప్పుడు ఆవిడే గీసుకోవాలి.